రెండు తీగచుట్టలు, ఒక చిన్న దీపం

నిన్న రాత్రి ఫోనును వైర్‌లెస్ చార్జర్ మీద పెట్టి పడుకున్నాను. ఉదయం చూస్తే నాలుగు శాతం. నిద్రలో చేయి తగిలి ఉంటుంది, ఫోను రెండు వేళ్ల వెడల్పు పక్కకు జరిగింది. తీగ లేని కరెంటు ఆ రెండు వేళ్లను దాటలేకపోయింది!

ఇది నాకు తెలియనిది కాదు. చదువుకునే రోజుల్లో రాగి తీగతో రెండు చుట్టలు చేసి, ఒకదానికి హెచ్చు పౌనఃపున్యపు కరెంటు ఇచ్చి, రెండోదానికి ఎల్‌ఈడీ తగిలించాను. దగ్గరగా ఉంటే కళ్లు చెదిరే వెలుగు. జానెడు జరిపేసరికి మిణుగురు. తర్వాత కెపాసిటర్లు మార్చి మార్చి రెండు చుట్టలనూ ఒకే పౌనఃపున్యానికి తెచ్చాక, అదే జానెడు దూరంలో దీపం మళ్లీ వెలిగింది. ఊపు చూసి తోస్తే ఉయ్యాలకు చిటికెన వేలు చాలదూ, అలాగన్నమాట. మూరెడు దూరానికి మాత్రం ఏం చేసినా చీకటే.

అందుకే, లోకానికంతా తీగల్లేకుండా కరెంటు పంపబోయిన శాస్త్రవేత్త నికోలా టెస్లాను డబ్బున్నవాళ్లు తొక్కేశారన్న కథ నాకు రుచించదు. 1901లో ఆయన అందుకోసం న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో వార్డెన్‌క్లిఫ్ గోపురం మొదలుపెట్టడం నిజం. 1,50,000 డాలర్లు ఇచ్చిన బ్యాంకరు జె.పి. మోర్గాన్ ఆపైన ఇవ్వననడం నిజం. 1917లో గోపురాన్ని కూల్చడమూ నిజమే. కానీ నా ఎల్‌ఈడీ మోర్గాన్ చెప్పాడని ఆరిపోలేదు కదా.

మనం నిజంగా మరిచిపోయింది అమెరికా ఇంజనీరు విలియం బ్రౌన్‌ను. 1964లో ఆయన చిన్న హెలికాప్టర్‌ను బ్యాటరీ లేకుండా, కింది నుంచి పంపిన మైక్రోవేవ్ శక్తితోనే గాలిలో నిలిపాడు. ఆ తరంగాలను అందుకుని డయోడ్లతో నేరుగా కరెంటుగా మార్చే యాంటెన్నాకు రెక్టెన్నా అని పేరు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో ఆయన బృందం మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందించింది. రెక్టెన్నా మీద పడినదానిలో 80 శాతానికి పైగా కరెంటయింది. పడనిదంతా అడవి గాచిన వెన్నెలే, అది వేరే సంగతి.

చిక్కంతా అక్కడే. కిరణం దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి సౌరశక్తిని దించాలంటే పైన కిలోమీటరు వెడల్పు యాంటెన్నా, కింద సుమారు పది కిలోమీటర్ల రెక్టెన్నా కావాలని 1970ల్లోనే లెక్కలు వేశారు. లెక్క తప్పు కాదు. అంత పెద్దది కట్టే ధైర్యమే ఎవరికీ రాలేదు. ద్వీపానికో, కొండ కొమ్మున ఉన్న కేంద్రానికో నాలుగైదు మైళ్లు పంపడం అంత అసాధ్యమేమీ కాదనిపిస్తుంది నాకు.

ఈలోగా చార్జర్ మీద ఫోను ఎక్కడ ఉండాలో పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్నాను.