కోదాడ కొట్టు, జగ్గయ్యపేట బేరం

మా బావగారికి తెలంగాణ సరిహద్దు ఊరు కోదాడలో చిన్న హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఏటా ఆయన లెక్కల పుస్తకాలు చూసిపెట్టే పని నాది కావడం వల్ల, పన్నుల విధానం సరళమైందని ఎవరైనా అన్నప్పుడు ముందుగా ఆ దుకాణమే గుర్తుకు వస్తుంది.

ఆదాయపు పన్ను విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. 1961 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2025 చట్టంలో సెక్షన్లు 819 నుంచి 536కు తగ్గాయి. బావగారికి అంతకన్నా మేలు చేసింది ఎప్పటినుంచో ఉన్న అంచనా ఆదాయ పద్ధతి. టర్నోవరు, అంటే ఏడాది మొత్తం అమ్మకాలు, రెండు కోట్ల లోపు ఉన్న వ్యాపారి నగదు అమ్మకాలపై కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వచ్చిన సొమ్ముపై కనీసం 6 శాతం లాభంగా చూపితే, ప్రతి ఖర్చుకూ రసీదు దాచుకోవలసిన అవసరం ఉండదు.

చిక్కంతా జీఎస్టీ దగ్గరే. ఏడాది టర్నోవరు ఎంత దాటితే జీఎస్టీలో నమోదు కావాలో చెప్పే రిజిస్ట్రేషన్ పరిమితిని 2019లో సరకుల వ్యాపారులకు 40 లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ అందుకు ఒప్పుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. రాష్ట్రం లోపల ఏడాదికి 30 లక్షల సరకు అమ్ముకునే కొట్టు సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేటలో ఉంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదు, కోదాడలో ఉంటే తప్పదు.

జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసమే పెట్టిన కాంపోజిషన్ పథకంలో బావగారు కొంతకాలం ఉన్నారు. అమ్మకాలపై ఒక శాతం పన్ను మూడు నెలలకోసారి కట్టి, ఏడాదికి ఒక రిటర్ను వేస్తే సరిపోయేది. అయితే ఆ పథకంలో ఉన్నవారు పొరుగు రాష్ట్రానికి సరకు అమ్మకూడదు. విజయవాడ హోల్‌సేలు వ్యాపారి నుంచి పైపులు తెప్పించుకోవచ్చు గాని, అవే పైపులను దారిలోనే ఉన్న జగ్గయ్యపేట మేస్త్రీకి పంపడం నిషిద్ధం! 2014కు ముందు ఒకే రాష్ట్రంలో ఉన్న ఊళ్ళివి. ఆ బేరాలు వదులుకోలేక ఆయన మామూలు పద్ధతికి మారారు. ఇప్పుడు నెలనెలా చలానా, మూడు నెలలకోసారి రిటర్నులు, వాటికోసం అకౌంటెంటు ఫీజు.

2025 సెప్టెంబరు 22న సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. కొనేవారికి అది ఊరటే గాని, బావగారు వేయవలసిన రిటర్నుల్లో ఒక్కటీ తగ్గలేదు. రాష్ట్రాల మధ్య సేవలందించే చిన్నవారికి 20 లక్షల వరకు రిజిస్ట్రేషన్ నుంచే మినహాయింపు ఉంది. కాంపోజిషన్‌లో ఉన్న సరకుల వ్యాపారికి ఏడాదికి ఐదారు లక్షల మేరకైనా సరిహద్దు దాటి అమ్ముకోనిస్తే, బావగారు మరునాడే పాత పథకానికి దరఖాస్తు పెడతారు.