కార్డు పోలేదు, ఛానల్ కలవలేదు

మా అక్క కొడుకు ఎంసెట్ కోచింగ్‌కని పరకాల నుంచి హన్మకొండకు, మా ఇంటికి వచ్చాడు. మాక్ టెస్టులకు కంప్యూటర్ కావాలన్నాడు. అటక మీద నా బీటెక్ నాటి ల్యాప్‌టాప్ ఉంది, 2010లో కొన్నది. అందులోని విండోస్ 7కు 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. దాన్ని తీసేసి పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. స్క్రీన్, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ పనిచేశాయి. వైఫై గుర్తే లేదు.

చౌరస్తా దగ్గర ఒక షాపులో చూపిస్తే అతను వెనక మూతైనా విప్పకుండా "వైఫై కార్డు పోయిందన్నా, పన్నెండు వందలైతది" అన్నాడు. మూత విప్పనోడి మాట నమ్మబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, లోపలున్న పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టాను. కార్డు పేరూ నంబరూ దర్జాగా కనిపించాయి. పోయిన కార్డు ఇలా హాజరు పలకదు కదా! తర్వాత సిస్టమ్ తన సంగతులు రాసుకునే డీమెసేజ్ చూస్తే అసలు సంగతి దొరికింది: 'యూకోడ్15' అనే ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లేదట. ఈ కార్డును లినక్స్‌తో కలిపే బీ43 డ్రైవర్ ఆ ఫైలును చిప్‌లోకి ఎక్కిస్తే గానీ అది కదలదు. లైసెన్సు కారణంగా ఆ ఫైలును మింట్‌తో కలిపి ఇవ్వరు, మనమే నెట్ నుంచి దించుకోవాలి. నెట్ కోసం నెట్ కావాలి! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను, ఫోన్‌లోని నెట్ ల్యాప్‌టాప్‌కు అందింది. 'ఫర్మ్‌వేర్ బీ43 ఇన్‌స్టాలర్' ప్యాకేజీ దిగింది. రీస్టార్ట్ చేస్తే వైఫై గుర్తు వచ్చింది గానీ ఆన్ కాదు. వైఫై ఎందుకు ఆగిందో చెప్పే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ కమాండ్‌ను అడిగితే 'హార్డ్ బ్లాక్డ్: యస్' అంది. అంటే ఎక్కడో బటన్ ఆఫ్‌లో ఉందన్నమాట. మావాడు ల్యాప్‌టాప్ ముందు అంచు తడిమి, దుమ్ములో కూరుకుపోయిన బుల్లి స్విచ్‌ను గోటితో జరిపాడు. "మామా, ఇదా?" అదే.

పక్కింటి వైఫైలు ఆరు కనిపించాయి. మాది ఒక్కటే లేదు. పక్కనే పెట్టిన ఫోన్‌లో మాత్రం నిండు గీతలతో ఉంది. గంటన్నర నన్ను తిప్పలు పెట్టింది ఇదే. రౌటర్ పేజీ తెరిచి చూస్తే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఛానల్ (వైఫై సిగ్నల్ నడిచే దారి నంబరు) 'ఆటో'లో ఉండి, దానంతటదే 13 మీద కూర్చుంది. మన దేశంలో 13 వాడొచ్చు. అమెరికాలో మామూలుగా 11తో సరి. నా కార్డు ఆ అమెరికా లెక్క ప్రకారమే సెట్ అయి ఉంది, 11 దాటితే దానికి లోకం లేదు. ఇక 5 గిగాహెర్ట్జ్ అనే ఇంకో బ్యాండ్ సంగతి దానికసలే తెలియదు. ఛానల్‌ను 6కు మార్చి సేవ్ చేశాను. నిమిషం పాటు ఇంట్లో అందరికీ నెట్ పోయింది, లోపలి నుంచి మా అవ్వ "సీరియల్ ఆగిపాయె!" అని కేకేసింది. నిమిషం తర్వాత లిస్టులో మా ఇంటి పేరు తేలింది.

కాగితం మీద ఈ కార్డు వేగం 54 ఎంబీపీఎస్, నిజానికి ఇరవై దాటడం లేదు. మాక్ టెస్టుకు అంతకన్నా ఎందుకు? బ్యాటరీ మాత్రం పది నిమిషాలే ఆగుతుంది. మావాడు ఛార్జర్ వైరుకు కట్టేసిన దూడలా గోడ పక్కనే కూర్చుని పరీక్ష రాస్తున్నాడు.