డయాలసిస్ వార్డులో మంగళవారం

కిడ్నీలు పనిచేయక మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్‌కి వచ్చే బ్యాచ్‌కి వారంలో కష్టమైన రోజు మంగళవారమే. శనివారం తర్వాత మళ్ళీ మెషీన్ ఎక్కేది ఈరోజే కాబట్టి ఆది, సోమవారాల నీరంతా ఒంట్లోనే ఉండిపోతుంది. పాదాలు ఉబ్బుతాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లోవాళ్ళకీ రాత్రి నిద్ర ఉండదు. పేషెంట్లకి తోడుగా వచ్చే మన అవసరం పక్కబెడ్డు మనిషికి ఎక్కువగా పడేదీ ఇవాళే.

కొడుకు కూలి పోతుందని ఒంటరిగా వచ్చే పెద్దాయనలు ఉంటారు. మనవాళ్ళని మెషీన్ మీద పెట్టాక సుమారు నాలుగు గంటలు మన చేతిలో ఉంటాయి. మెషీన్ నీరు ఎక్కువగా, వేగంగా తీస్తుంటే అలాంటి పెద్దాయనకి పిక్కలు పట్టేస్తాయి. ముందు టెక్నీషియన్‌ని పిలవాలి, వేగం తగ్గించాల్సింది వాళ్ళే. ఆ తర్వాత మోకాలు చాపి, కాలివేళ్ళని ఆయన మొహం వైపుకి వంచి పట్టుకుంటే నొప్పి సడలుతుంది. లేపేటప్పుడు మాత్రం ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి పట్టి లాగకూడదు. సూదులు తీశాక పది, పదిహేను నిమిషాలు గాజుగుడ్డ ఎత్తి చూడకుండా నొక్కి ఉంచాలి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి ఉంటారు, మధ్యలో ఎత్తితే మళ్ళీ కారుతుంది. బీపీ పడిపోయి ఉండొచ్చు కనుక వెంటనే నిలబెట్టకుండా కాసేపు మంచం అంచున కూర్చోబెట్టాలి.

జాలిపడి కొబ్బరి బోండాం కొట్టించి తెస్తారు చాలామంది. దయచేసి వద్దు. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. అరటిపండు, బత్తాయి రసమూ అంతే. షుగరు పేషెంటుకి చెమటలు పట్టి వణుకు వస్తే నర్సుకి చెప్పి, వాళ్ళు సరేనంటే అర గ్లాసు నీళ్ళలో మూడు టీస్పూన్ల పంచదార కలిపి ఇవ్వచ్చు.

అన్నిటికన్నా బాధపెట్టేది ఒక ప్రశ్న: "మీ ఇంట్లో ఎవరూ కిడ్నీ ఇవ్వరా?" ఆ మాట విన్న ఇల్లాలు ఆ రోజంతా తేరుకోదు. షుగరో, గ్రూపో, వయసో, ఇవ్వలేకపోవడానికి ఎన్నో కారణాలుంటాయి. "తిన్నావా అక్కా?" అని అడిగితే చాలు. తినలేదంటే ఆమెని క్యాంటీన్‌కి పంపి, అరగంట ఇద్దరు పేషెంట్లనీ మనమే కనిపెట్టుకోవాలి. తిరిగొచ్చాక ఆమె కూర్చుంటుంది, మనం వెళ్ళి తినొస్తాం.