ఆల్టర్నేటర్ పోయాక బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది?

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయిన సంగతి చాలాసేపు ఎవరికీ తెలీదు. ఫ్యాను నెమ్మదించాకే "అరె, ఎప్పుడు పోయింది?" అనుకుంటారు. సెస్నా 172 అనే చిన్న విమానంలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) పోవడం కూడా అచ్చం ఇంతే. చప్పుడుండదు, కుదుపుండదు. రేడియోలో అవతలి గొంతు బొంగురుపోయే వేళకు బ్యాటరీ అడుగంటి ఉంటుంది.

ముందు ఒక భయం తీసేద్దాం. ఇంజిన్ ఆగదు. ఇందులోని లైకమింగ్ కంపెనీ ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చేవి రెండు మాగ్నెటోలు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ వాటి కరెంటు అవే పుట్టించుకుంటాయి, బ్యాటరీతో పనిలేదు. కంప్యూటర్ నడిపే డీజిల్ ఇంజిన్ల కథ వేరు. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో అలాంటి రెండు ఇంజిన్ల విమానం డైమండ్ డీఏ42 ఒకటి, బ్యాటరీ నీరసంగా ఉండటంతో బయటి కరెంటుతో ఇంజిన్లు స్టార్ట్ చేసి ఎగిరింది. చక్రాలు లోపలికి లాగగానే వోల్టేజి పడిపోయి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. మీది ఏ రకమో నేల మీదే తేల్చుకోండి.

ఇక మీటరు. సెస్నాలో మధ్యలో సున్నా ఉండే అమ్మీటరు బ్యాటరీలోకి కరెంటు వెళ్తోందా, బయటికి వస్తోందా అన్నది చూపిస్తుంది. ముల్లు ఎడమకి ఒరిగితే బ్యాటరీని తినేస్తున్నట్టు. పైపర్ కంపెనీ విమానాల్లో చాలావాటిలో ఉండేది లోడ్‌మీటర్. అది ఆల్టర్నేటర్ ఎంత ఇస్తోందో చూపిస్తుంది కాబట్టి అక్కడ సున్నా అంటేనే ప్రమాదం. ఒకదానికి అలవాటుపడి రెండోదాంట్లో కూర్చున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. అనుమానమొస్తే ల్యాండింగ్ లైటు వేసి చూడండి: సెస్నా ముల్లు ఎడమకి పడి అక్కడే ఉండిపోయినా, పైపర్ ముల్లు సున్నా నుంచి కదలకపోయినా ఆల్టర్నేటర్ పని చేయట్లేదన్నమాట.

28 వోల్టుల 172ఎస్‌లో వోల్టేజి 24.5 కంటే దిగితే హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు మాన్యువల్ చెప్పే వరస: ఏవియానిక్స్ (రేడియోలు, జీపీఎస్ లాంటివి) స్విచ్ ఆఫ్, ఆల్టర్నేటర్ ఫీల్డ్ బ్రేకర్ (లోడు ఎక్కువైతే బయటికి ఎగిరి కరెంటు తెంచే బటన్) లోపలే ఉందో లేదో చూడటం, మాస్టర్ స్విచ్ రెండు భాగాలూ (బ్యాటరీ, ఆల్టర్నేటర్) ఆఫ్, మళ్లీ ఆన్, దీపం ఆరిందో లేదో చూసి ఏవియానిక్స్ ఆన్. ఏవియానిక్స్ ముందు ఆపేది ఎందుకంటే ఆల్టర్నేటర్ తిరిగి అందుకునేటప్పుడు వోల్టేజి ఎగదన్ని రేడియోలు కాలిపోవచ్చు. వోల్టేజి ఒక్క క్షణం పెరిగినా రక్షణ యూనిట్ ఆల్టర్నేటర్‌ని తెంపేస్తుంది. కారణం అదే అయితే ఈ రీసెట్‌తో తిరిగొస్తుంది. బెల్టు తెగినా, బ్రష్షులు అరిగినా రాదు. ఒక్కసారి ప్రయత్నించి ఆల్టర్నేటర్ ఆఫ్ చేసి వదిలేయండి. పదిసార్లు స్విచ్ టకటకలాడించేవాళ్లు మిగిలిన బ్యాటరీని ఊరికే పారబోస్తున్నారు.

ఇప్పుడు అసలు లెక్క. బ్యాటరీ మీద 12.75 ఆంపియర్ అవర్ అని రాసి ఉంటుంది. రెండేళ్లు వాడినదైతే 10 అనుకుందాం. పాతరకం ల్యాండింగ్ లైటొక్కటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. స్ట్రోబ్, బీకన్ లైట్లు, రెండు రేడియోలు, జీపీఎస్, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానం గుర్తు పంపేది) అన్నీ కలిపితే 20 దాటుతుంది. అంటే అరగంట. అదీ మీరు వెంటనే గమనిస్తేనే! అన్నీ ఆపి ఒక రేడియో వినడానికి, ట్రాన్స్‌పాండర్ మాత్రం ఉంచితే, మాస్టర్ రిలే (బ్యాటరీని మొత్తం వైరింగుకి కలిపే స్విచ్) తినేదానితో కలిపి 4 లోపు. కాగితం మీద రెండున్నర గంటలు, నా లెక్కలో గంట. ఇంకో సంగతి, రేడియో వినడానికి ఒక ఆంపియర్ కూడా పట్టదు, మాట్లాడేటప్పుడు ఐదారు లాగుతుంది. కాబట్టి ఒక్క కాల్: ఎక్కడున్నారు, ఏం పోయింది, ఎక్కడ దిగుతారు, రేడియో పోవచ్చు. ఆ తర్వాత వింటూ ఉండండి చాలు.

రాజమండ్రి నుంచి విశాఖకి వస్తూ తుని మీద దీపం వెలిగిందనుకోండి. అటూ ఇటూ దాదాపు 44 నాటికల్ మైళ్లే, 25 నిమిషాలు. రేడియో ఉంటే విశాఖకి చెప్పి ముందుకే రావచ్చు, రన్‌వే 3 కిలోమీటర్ల పైనే. రేడియో అప్పటికే పోయి ఉంటే నేనైతే వెనక్కే తిప్పమంటాను. విశాఖ నేవీ ఎయిర్‌ఫీల్డ్. ఉత్తరాన సింహాచలం కొండ, ఆగ్నేయాన యారాడ కొండ, మధ్యలో జెట్ల రాకపోకలు. మాటా లేక ట్రాన్స్‌పాండరూ లేక వచ్చే విమానం వాళ్ల రాడార్ మీద గుర్తుతెలియని చుక్క. అందుకే ఇటు వచ్చేటప్పుడు మాస్టర్ పూర్తిగా ఆపి బ్యాటరీ దాచుకునే చిట్కా వద్దు. ట్రాన్స్‌పాండర్ ఉన్నంతసేపూ వెలగనివ్వండి, రేడియో పోగానే దాంట్లో 7600 (రేడియో పోయిందని చెప్పే కోడ్) పెట్టండి. విజువల్ వాతావరణంలో (బయట అంతా కళ్లకి కనిపిస్తూ) ఉంటే నియమం కూడా సూటిగానే ఉంది: విజువల్‌గానే ఎగిరి, దగ్గర్లోని అనువైన చోట దిగి, దిగిన వెంటనే ఏటీసీకి (విమానాల రాకపోకలు చూసేవాళ్లకి) కబురు చేయాలి.

రేడియో లేని విమానానికి టవర్ చూపించే రంగు దీపం లైట్ గన్. అందులో ఆగని పచ్చ అంటే దిగొచ్చు, ఆగని ఎరుపు అంటే దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు, మిణుకుమనే పచ్చ అంటే దిగడానికి రా, మిణుకుమనే ఎరుపు అంటే ఇక్కడ దిగొద్దు. చూశాననడానికి పగలైతే రెక్కలు ఊపాలి.

కరెంటు పూర్తిగా పోయాక ఫ్యూయల్ గేజ్‌లు సున్నాకి పడతాయి. అది చూసి గుండె జారకుండా, దీపం వెలిగినప్పుడే అంకెలు, టైము మోకాలి మీది కాగితం మీద రాసుకోండి. ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే పలకలు) కూడా కరెంటువే. మిగిలిన కరెంటుతో వాటిని పూర్తిగా దించేసి, తర్వాత గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చేయాల్సొస్తే అవి పైకి రావు, విమానం ఎక్కనని మొరాయిస్తుంది. ఫ్లాప్స్ లేకుండానే 65–75 నాట్లతో రండి. రన్‌వే కాస్త ఎక్కువ తింటుంది, విశాఖలో దానికి లోటు లేదు.

వాసనొచ్చినా పొగొచ్చినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి మాస్టర్ ఆఫ్. వెంట్లు మూసి, మంట ఆరాకే తెరవాలి. ఎగిరిన బ్రేకర్‌ని మళ్లీ నొక్కొద్దు. 2007 జూలైలో ఫ్లోరిడాలోని సాన్‌ఫోర్డ్‌లో ఇళ్ల మీద కూలిన సెస్నా 310లో, ముందురోజు కాలిన వాసనొస్తే పైలట్ వెదర్ రాడార్ బ్రేకర్‌ని బయటికి లాగాడు, లోపాన్ని మాత్రం సరిచేయకుండానే వదిలేశారు. మర్నాడు ఆ బ్రేకర్‌ని మళ్లీ నొక్కడంతో కరెంటు తగిలి మంటలు రేగి ఉండొచ్చని దర్యాప్తు చెప్పింది. ఐదుగురు పోయారు.

విశాఖలో నిలిపే విమానాలకు ఇంకో శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు ఇళ్ల గ్రిల్స్‌ని తినే గాలే బ్యాటరీ టెర్మినల్స్‌నీ, ఇంజిన్‌ని చట్రానికి కలిపే గ్రౌండ్ స్ట్రాప్‌నీ తింటుంది. పచ్చటి పొడి కనిపిస్తే వైర్ బ్రష్‌తో గీకి, బిగించి, పైన గ్రీజు పూయించండి. హెడ్‌సెట్‌లో ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నటి కూత వినిపిస్తే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయి ఉండొచ్చు. ప్రతి 500 గంటలకీ బ్రష్షులు, ప్రతి ఉదయం కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) సందులోంచి బెల్టు చూడండి. చేతి రేడియో ఉంటే దాని లైసెన్సూ, హెడ్‌సెట్ అడాప్టరూ దాంతోనే సంచిలో ఉండాలి. ఇంజిన్ హోరులో దాని చిన్న స్పీకరు వినపడదు.