మొక్కింది ఎవరు, ఎక్కేది ఎవరు?

తిరుమల కొండెక్కే అలిపిరి మెట్లదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎలాంటి మొక్కు మొక్కుకున్నారో ముఖాల్లోనే తెలిసిపోతుంది. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. తర్వాత దారి కొంత చదునవుతుంది. ఏడోమైలు ఆంజనేయస్వామిని దాటాక మళ్ళీ నిటారుగా లేస్తుంది. వైష్ణవ ఆచార్యులు రామానుజులవారు కొండను పాదాలతో తొక్కలేక మోకాళ్ళమీద ఎక్కారని చెప్పుకునే చోటు అదే.

మొన్న మేం ఎక్కుతున్నప్పుడు అక్కడ ఒక కుర్రాడు మోకాళ్ళమీద ఎక్కుతూ ఆగి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. పక్కన వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. కొడుకు బండి మీదనుంచి పడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు "వీడు బతికితే మోకాళ్ళమీద నీ కొండెక్కిస్తాను" అని మొక్కిందట. బతికాడు, స్వామి దయ. కానీ విరిగింది కాలే. అందులో రాడ్డు ఉంది.

వెనకాల వస్తున్న ఒక పెద్దావిడ వాళ్ళను చూసి ఆగింది. కుర్రాడు మోకాలికి కట్టుకున్న గుడ్డ విప్పించింది. ముడి మోకాలి వెనక వేస్తే కాలు మడిచిన ప్రతిసారీ బిగుసుకుని పాదం మొద్దుబారుతుంది. ముడి పక్కకు రావాలి. తన తువ్వాలు నాలుగు మడతలు వేసి ఇస్తూ, "మోకాలిచిప్ప రాతి అంచుకు తగలనీకు నాయనా. చేతులు పై మెట్టుమీద ఆనించి, బరువు వాటిమీద వెయ్యి" అంది. రెండు మెట్లు చూసి ఇక ఉండబట్టలేక తల్లివైపు తిరిగింది. "మొక్కింది నువ్వు కదమ్మా. నువ్వెక్కు. వాణ్ణి నీ పక్కన నడవనీ." ఆ తల్లి మరోమాట లేకుండా అదే తువ్వాలు కట్టుకుని మోకాళ్ళమీద కూర్చుంది. గోవిందనామం అక్కడ వినాలి!

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణమనే గ్రంథంలో హరిశ్చంద్రుడు పిల్లలు లేక వరుణుడికి మొక్కాడు: కొడుకును ఇస్తే ఆ కొడుకునే నీకు బలి ఇస్తాను అని. రోహితుడు పుట్టాడు. పళ్ళు రానీ, పాలపళ్ళు ఊడనీ, మళ్ళీ మొలవనీ అంటూ తండ్రి వాయిదాలు వేశాడు. పెద్దవాడయ్యాక విషయం తెలిసి రోహితుడు అడవికి వెళ్ళిపోయాడు, తండ్రికి పొట్ట ఉబ్బే జబ్బు పట్టుకుంది. చివరికి 100 ఆవులిచ్చి పరాయి పిల్లవాడు శునశ్శేపుణ్ణి కొనాల్సి వచ్చింది. అతను దేవతలను ప్రార్థించి బయటపడ్డాడు గానీ, మొక్కిన తండ్రి, పారిపోయిన కొడుకు, అమ్ముడైన ఇంకొకరి బిడ్డ, ముగ్గురూ ఒక్కమాట కిందే నలిగారు.

మనిషి బరువుకు సరితూగేంత ఇస్తామనే ఎత్తు మొక్కులోనూ కొలత మరిచిపోతారు. పసిబిడ్డకు జ్వరమొస్తే "ఎత్తు రూపాయిలిస్తాను" అంటారు, ఎప్పుడో చెప్పరు. 2011లో వచ్చిన రూపాయి బిళ్ళ బరువు 3.79 గ్రాములు. పది కిలోల పిల్లకు దాదాపు 2,640 బిళ్ళలు చాలు. పెళ్ళీడుకొచ్చి అరవై కిలోలయ్యాక 15,800 దాటుతాయి. "ఏడాది నిండేలోపు" అన్న చిన్నమాట చేరిస్తే ఈ భారం పెరగదు. బెల్లమో కలకండో అయినా లెక్క ఇంతే.

మెట్టుమెట్టుకూ పసుపుకుంకుమలు పెడతామన్నవాళ్ళు ముందుగా కాలం లెక్క వేసుకోవాలి. మెట్టుకు పది సెకన్లే అనుకున్నా 3,550 మెట్లకు పది గంటలు దగ్గరపడతాయి. గ్రాము చొప్పున పసుపు మూడున్నర కిలోలు. నడుం వంచి లేవడం కూడా అన్నిసార్లు. తడి పసుపు మెట్టు మధ్యలో పెడితే వెనకవాళ్ళ కాళ్ళు జారుతాయి, అంచున గోడవైపు పెట్టాలి. అయినా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకునే గుంపులు దానిమీదే నడిచి పోతున్నాయి. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు నడకదారిన రావద్దని దేవస్థానమే చెబుతోంది, మరి మొక్కేటప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

కొత్త మొక్కులు పుట్టేది లోపలే. గంటలకొద్దీ క్యూలో నిలబడి, బంగారు వాకిలి దాటి, ఆ దీపాల వెలుగులో స్వామి నామం, శంఖచక్రాలు కనబడ్డ క్షణంలో ఒళ్ళు ఝల్లుమంటుంది. అంతలోనే "జరగండి, జరగండి" అంటూ వెనకనుంచి తోపు. ఏం అడగాలో తోచని ఆ తొక్కిసలాటలో నోటికొచ్చింది మొక్కేస్తాం. హుండీ దగ్గరికి వచ్చాక ఇంటాయన నిలువుదోపిడి అన్నాడని ఇల్లాలు మెడ తడుముకుంటుంది. ఒంటిమీదున్నవన్నీ అంటే ఎవరి ఒంటిమీదివి? అడిగి తెచ్చుకున్న గొలుసు సంగతి? హుండీలో పడింది తిరిగి రాదు, కాబట్టి అది దర్శనానికి ముందు, బస చేసిన గదిలోనే తేలాలి: ఏ నగ ఎవరిది, వాళ్ళు ఒప్పుకున్నారా, ఏది స్వామిది.

తలనీలాలిచ్చే కల్యాణకట్టలో చిక్కు ఇంకోరకం. నాయనమ్మ పుట్టువెంట్రుకలు ఇంటి ఇలవేల్పుకని మొక్కి ఉంటుంది. తల్లి కాన్పు నొప్పుల్లో ఏడుకొండలవాడికని మొక్కుతుంది. తల ఒక్కటే. పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, క్షురకుడి ముందు కూర్చుని ఫోన్‌లో వాదించుకునే కుటుంబాలను అక్కడ చూడొచ్చు. పుట్టువెంట్రుకలు ఇలవేల్పుకు తీయించి, మళ్ళీ పెరిగిన జుట్టు తిరుమలలో ఇచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. బయల్దేరే ముందే ఇరువైపుల పెద్దలను కూర్చోబెట్టి ఏ మొక్కు ముందో అడిగేస్తే సరి.