బావగారి తుపాకీ, మా పిల్లల శనివారాలు

టెక్సస్‌లో తుపాకీల గురించి మాట మొదలైతే అది తుపాకీ దగ్గర ఆగదు. నువ్వు ఏ పార్టీ, ఏ చానల్ చూస్తావు, ఈ దేశం మీద నీకు ప్రేమ ఉందా లేదా అనే దాకా వెళ్తుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. మేము ఫ్రిస్కోలో ఉంటాం. మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, మెకిన్నీలో ఉంటారు. ఆయన దగ్గర ఒక పిస్టల్ ఉంది. దాని మీద మొదలైన గొడవ రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయే దాకా వచ్చింది. తర్వాత అది ఎలా ఒక దారికి వచ్చిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న తెలుగు కుటుంబాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి, బయటికి చెప్పుకోరు అంతే.

బావగారు తుపాకీ ఎందుకు కొన్నారో ముందు చెప్పాలి. అమెరికాలో భారతీయుల ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకు తెలుసు. పెళ్ళిళ్ళ సీజన్‌లో, దీపావళి రోజుల్లో ఇళ్ళు దోచుకున్న కేసులు ఇక్కడ చాలా జరిగాయి. ఆయన వీధిలోనే ఒక తెలుగు వాళ్ళింట్లో పట్టపగలు తలుపు పగలగొట్టారు. హెచ్‌1బీ మీద ఉన్నంతకాలం మామూలుగా తుపాకీ కొనే వీలు ఉండదు. గ్రీన్ కార్డు వచ్చాక ఆయన షాపుకి వెళ్ళి, ఫారం నింపి, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక కొన్నారు. అంతా చట్టప్రకారమే. రేంజ్‌కి వెళ్ళి కాల్చడం నేర్చుకున్నారు. అక్కడ ఆయనకు రిటైరైన అమెరికన్ పెద్దాయనలు స్నేహితులయ్యారు.

నాకు ఆ సంగతి తెలుసు. ఇష్టం లేకపోయినా ఊరుకున్నాను. 2023 మే 6న అలెన్ అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగాయి. శనివారం మధ్యాహ్నం. ఎనిమిది మంది చనిపోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ మాల్‌కి మేమందరం వెళ్తాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం. ఆ తర్వాత నేను పిల్లల్ని బావగారింటికి రాత్రి పడుకోవడానికి పంపడం మానేశాను. మా పిల్లలకి పెదనాన్న ఇల్లంటే ప్రాణం. ఎందుకు వద్దంటున్నానో నేను చెప్పలేదు, కానీ అక్కయ్యకి అర్థమైపోయింది. తోడికోడళ్ళ మధ్య ఏదీ ఎక్కువ రోజులు దాగదు.

తర్వాత ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర బయటపడింది. "ఏమ్మా, నా ఇంట్లో పిల్లలకి భద్రత లేదంటావా?" అని బావగారు నేరుగా అడిగారు. "మీ మీద కాదు బావగారూ, ఆ వస్తువు మీద భయం" అన్నాను. "వస్తువు దానంతటది పేలదు. మాల్‌లో కాల్చినవాణ్ణి ఆపింది కూడా ఒక పోలీసు తుపాకీయే" అన్నారు. అది నిజం. వేరే పని మీద అక్కడికి వచ్చిన పోలీసు ఆఫీసరు అతన్ని కాల్చి ఆపాడు. అయినా నా ఒళ్ళు మండింది. "అసలు వాడి చేతికి అలాంటి రైఫిల్ ఎలా వచ్చింది?" అని అడిగాను. అక్కడి నుంచి ట్రంప్, బైడెన్, మీడియా, రాజ్యాంగం. మా ఆయన "ఇంక చాలు, లేవండి" అనే దాకా సాగింది. తర్వాత కొన్ని నెలలు ఫోన్లు కూడా పొడిపొడిగానే.

దారి చూపించింది మా ఆఫీసులో ఒకామె. ఆమె బ్రేవర్ ఏంజెల్స్ అనే సంస్థ పెట్టే వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చింది. 2016 ఎన్నికల తర్వాత ఒహాయోలో ట్రంప్‌కి ఓటేసినవాళ్ళనీ హిల్లరీకి ఓటేసినవాళ్ళనీ ఒక గదిలో కూర్చోబెట్టడంతో మొదలైన సంస్థ అది. వాళ్ళ పద్ధతి వేసిన వాళ్ళలో బిల్ డోహర్టీ అనే ఫ్యామిలీ థెరపిస్ట్ ఉన్నాడు. విడిపోవడానికి సిద్ధపడ్డ దంపతులతో పనిచేసిన మనిషి. నేను కూడా ఒక వర్క్‌షాప్‌కి వెళ్ళాను. రెండు పక్షాల నుంచీ సమానంగా మనుషుల్ని పిలుస్తారు. ఎవరి మనసూ మార్చే ప్రయత్నం చేయకూడదన్నది మొదటి షరతు. ఎదుటి పక్షం మన గురించి ఏమేమి అనుకుంటుందో మన పక్షమే ఒక చార్ట్ మీద రాయాలి. రాశాక, అందులో తప్పేమిటి, నిజం పాలు ఎంత ఉందో కూడా మనమే చెప్పాలి. తర్వాత ఒక పక్షం లోపలి వలయంలో కూర్చుని మాట్లాడుతుంది. రెండో పక్షం చుట్టూ కూర్చుని వింటుంది, నోరు మెదపకూడదు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ వినడమే. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేలోపు నా జవాబు నాలుక మీద సిద్ధంగా ఉండేది, దాన్ని మింగుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

అదే పద్ధతిని ఇంట్లో పెడదామని మా ఆయనతో అన్నాను. ఆయన అన్నయ్యతో మాట్లాడారు. బావగారు ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు: టీవీలో చెప్పినవి, ఫోన్లో ఫార్వర్డ్ అయినవి ఎవరూ తేకూడదు. చట్టమైతే చట్టం, లెక్కలైతే ప్రభుత్వ లెక్కలు. చాలా మంచి షరతు అది. మేము నలుగురం వాళ్ళింట్లో కూర్చున్నాం, పిల్లల్ని పై అంతస్తులో సినిమాకి కూర్చోబెట్టి.

మొదటి నియమం ఏమిటంటే, బావగారి వాదన నేను చెప్పాలి, ఆయన "అవును, నేను అనేది ఇదే" అనే దాకా. నేను చెప్పాను: "911కి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చేలోపు నా కుటుంబానికి నేనే దిక్కు. ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చింది. ఎవడో పిచ్చివాడు చేసిన పనికి నా దగ్గరున్నది లాక్కోకూడదు." ఆయన తల అడ్డంగా ఊపారు. "ఒకటి వదిలేశావమ్మా. నేను ఈ దేశానికి పరాయివాడిలా వచ్చాను. ఇరవై ఏళ్ళు వీసా కాగితాలు చూసుకుంటూ బతికాను. ఇక్కడివాళ్ళకున్న హక్కు నాకూ ఉందని మొదటిసారి అనిపించింది ఆ రోజే." ఇది నేనెప్పుడూ వినలేదు. అన్నేళ్ళుగా ఆయన ఎదురుగా కూర్చుని భోంచేశాను, ఈ మాట మాత్రం తెలియదు. తర్వాత ఆయన నా వాదన చెప్పారు. ఇంట్లో తుపాకీ ఉంటే దొంగ మీద పేలడం కంటే ఇంట్లోవాళ్ళ మీదే పేలే అవకాశం ఎక్కువని నా భయమని, బడిలో పిల్లలు షూటర్ డ్రిల్, అంటే ఎవరైనా తుపాకీతో లోపలికొస్తే ఎలా దాక్కోవాలనే అభ్యాసం, చేసి వచ్చి రాత్రి చెప్పే మాటలు నన్ను నిద్రపోనివ్వవని. రెండోది ఆయనకి ఎలా తెలుసని అడిగితే, మా చిన్నది పెద్దమ్మకి చెప్పిందట.

అప్పుడు ప్రశ్నని ముక్కలు చేశాం. "తుపాకులు మంచివా చెడ్డవా" అనే ప్రశ్నకి మధ్యదారి లేదు. పది తుపాకులుంటే ఐదు తీసేయడం మధ్యదారి కాదు కదా. ఎవరికి అమ్మాలి, ఏ వయసుకి అమ్మాలి, ఇంట్లో ఎలా పెట్టాలి, ప్రమాదం ఉందని తెలిసిన మనిషి చేతిలోంచి ఎలా తీసుకోవాలి. ఇలా విడగొట్టేసరికి గొంతులు తగ్గాయి.

లెక్కలు చూసినప్పుడు ఇద్దరం ఆగిపోయింది ఒక చోట. 2022లో అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయినవాళ్ళు దాదాపు 48,000 మంది. అందులో సగానికి పైగా, సుమారు 27,000, ఆత్మహత్యలు. మేము అన్నాళ్ళూ కొట్టుకున్నది మాల్ కాల్పుల గురించీ దొంగల గురించీ. ఎక్కువ ప్రాణాలు పోతున్న చోటు గురించి ఒక్క మాట అనుకోలేదు. తుపాకీతో ప్రయత్నించినవాళ్ళలో దాదాపు తొంభై శాతం బతకరు. వేరే పద్ధతుల్లో బతికేవాళ్ళు చాలా ఎక్కువ, బతికినవాళ్ళలో అత్యధికులు మళ్ళీ ఆ పని చేసి చనిపోరు. బావగారింట్లో పదహారేళ్ళ అబ్బాయి ఉన్నాడు. చదువుల టెన్షన్ ఈ ప్రాంతంలో మన పిల్లలకి ఎంత ఉందో అందరికీ తెలిసిందే. అక్కయ్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "ఆ పిస్టల్ ఇప్పుడు ఎక్కడుంది?" అని బావగారిని అడిగింది. బెడ్రూమ్‌లో మంచం పక్క సొరుగులో ఉంది.

తాళం వేయాలన్నాను నేను. ఆయన అక్కడ చట్టం తీశారు. 2008లో సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో 5-4తో ఇచ్చిన తీర్పు. వాషింగ్టన్ నగరం ఇంట్లో తుపాకీని విడదీసి గానీ తాళం వేసి గానీ ఉంచాలని పెట్టిన నియమాన్ని కోర్టు కొట్టేసింది, ఆత్మరక్షణకి పనికిరాకుండా పోతుందని. ఆయన చెప్పింది సరైనదే. అదే తీర్పులో జస్టిస్ స్కాలియా ఈ హక్కు హద్దులు లేనిది కాదని కూడా రాశాడు. నేరస్తులకీ మానసిక రోగులకీ తుపాకీ ఉండకూడదనే పాత చట్టాల మీద అనుమానం పెట్టుకోవద్దన్నాడు. ఇది నేను చదివి వినిపించాను. టెక్సస్ చట్టం కూడా పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా పెడితే నేరమంటుంది. బావగారి రేంజ్ స్నేహితుడికి అక్కడి నుంచే ఫోన్ చేశాం. ముప్ఫై ఏళ్ళు పోలీసు పని చేసిన ఆయన నవ్వి, "బెడ్ పక్కన గోడకి బిగించే చిన్న సేఫ్ పెట్టుకో, వేలిముద్రతో రెండు మూడు సెకన్లలో తెరుచుకుంటుంది. నా ఇంట్లో మనవలు ఉన్నారు, నేను అదే వాడతా" అన్నాడు. టెక్సస్‌లో గన్ సేఫ్‌ల మీద 2021 నుంచి సేల్స్ టాక్స్ కూడా లేదు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న శాసనసభ తెచ్చిన మినహాయింపు అది. సేఫ్ వచ్చింది. పిల్లలు మళ్ళీ వెళ్తున్నారు.

ఇంటి సంగతి తేలాక దేశం సంగతి మాట్లాడటం సులువైంది. 2022 మేలో మా టెక్సస్‌లోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక సెనేట్‌లో ఇద్దరు కూర్చున్నారు. మా టెక్సస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్ ఒకరు, కనెటికట్ డెమొక్రాట్ క్రిస్ మర్ఫీ ఒకరు. 2012లో శాండీ హుక్ బడి కాల్పులు జరిగింది మర్ఫీ ప్రాంతంలోనే. ఇంకొందరిని కలుపుకుని వాళ్ళు తెచ్చిన బిల్లు సెనేట్‌లో 65-33తో గెలిచింది. 21 ఏళ్ళ లోపువాళ్ళు కొంటే అదనపు తనిఖీ, మానసిక ఆరోగ్యానికి డబ్బు. దాదాపు ముప్ఫై ఏళ్ళలో మొదటి పెద్ద ఫెడరల్ తుపాకీ చట్టం. ఆ ఓటింగ్‌కి కొద్ది రోజుల ముందే, 2022 జూన్‌లో, హ్యూస్టన్‌లో సొంత పార్టీ సభలో కార్నిన్‌ని జనం గేలి చేశారు. మధ్యలో నిలబడినవాళ్ళకి అమెరికాలో జరిగేది ఇదే, రెండు వైపులా. నాకు ఆయన రాజకీయాలు చాలావరకు నచ్చవు. ఈ విషయంలో మాత్రం గౌరవం ఉంది, బావగారి ముందు ఆ మాట అన్నాను కూడా.

రెడ్ ఫ్లాగ్ చట్టం మీద ఇంకా సగం దారిలోనే ఉన్నాం. మనిషి ప్రమాదకరంగా మారాడని కోర్టు నమ్మితే కొంతకాలం తుపాకీ తీసుకునే చట్టం అది. 2018లో పార్క్‌లాండ్ బడి కాల్పుల తర్వాత ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాట్ దానిమీద సంతకం పెట్టాడు, తుపాకీ కొనే వయసు 21కి పెంచాడు. బావగారి అభ్యంతరం నాకు న్యాయంగానే తోస్తుంది: మనిషి మాట వినకుండానే మొదటి ఆర్డరు ఇచ్చేస్తారు, విడాకుల గొడవల్లో వాడుకుంటారు. ఫ్లోరిడాలో పద్నాలుగు రోజుల్లో విచారణ పెట్టాలి, గట్టి సాక్ష్యం లేకపోతే ఆర్డరు నిలవదు అని చూపించాను. లాయర్ ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటే, అబద్ధం చెప్పినవాళ్ళకి శిక్ష ఉంటే సరేనన్నారు. రైఫిల్‌కి కూడా 21 ఏళ్ళు ఉండాలనేదానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. షాపులో పిస్టల్ కొనడానికి ఆ వయసు ఫెడరల్ చట్టంలో ఎప్పటి నుంచో రాసి ఉంది. అలాంటి బిల్లే అలెన్ ఘటన జరిగిన రెండు రోజులకి ఆస్టిన్‌లో టెక్సస్ శాసనసభ కమిటీ దాటింది, ఇద్దరు రిపబ్లికన్లు కూడా ఓటేశారు. గడువు దాటిపోయి సభ ముందుకే రాలేదు. అది విన్నప్పుడు ఆయనకీ బాధ కలిగింది.

ఏఆర్-15 రకం, అంటే సైనిక తుపాకుల్లా కనిపించి వేగంగా కాల్చగల రైఫిళ్ళు, నిషేధించాలని నేను ఇప్పటికీ అంటాను. హత్యల్లో ఎక్కువ భాగం పిస్టళ్ళతోనే జరుగుతాయి, నిషేధం వల్ల మంచివాళ్ళకే నష్టం అని ఆయన ఇప్పటికీ అంటారు. ఇక్కడ మధ్యదారి దొరకలేదు. దొరికినట్టు నటించడం కూడా మాకు ఇష్టం లేదు.

ఇప్పుడు పిల్లలు ఏ ఇంటికి ఆడుకోవడానికి వెళ్తున్నా ముందు అడుగుతున్నాను, మీ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళంలో ఉందా అని. మొదట్లో నోరు వచ్చేది కాదు. ఎలా అడగాలో చెప్పింది బావగారే: "మీ స్విమ్మింగ్ పూల్‌కి గేటు ఉందా అని అడిగినట్టే అడుగమ్మా. తుపాకీ ఉన్నవాడు తప్పుపట్టుకోడు, తాళం వేసినవాడు గర్వంగా చెప్తాడు." ఆయన చెప్పినట్టే అడిగాను. ఇంతవరకు ఎవరూ ముఖం ముడుచుకోలేదు. ఒక తల్లి నా ప్రశ్న తర్వాత సేఫ్ కొన్నదని తర్వాత తెలిసింది.

సంక్రాంతికి అందరం బావగారింట్లో కలుస్తున్నాం. ఈసారి టెక్సస్ గర్భస్రావ చట్టం గురించి మాట్లాడదామని అక్కయ్య అంటోంది. అందులో ఆమెది ఒక దారి, నాది ఇంకో దారి. బావగారి వాదన నాకు ఇంతవరకు తెలియదు. చట్టం పాఠం ప్రింట్ తీసుకురమ్మని మా ఆయనకి చెప్పారు.