రెండో ఆదివారం అతిథి

రాజమండ్రిలో మా వాకర్స్ క్లబ్‌లో ప్రతి నెలా రెండో ఆదివారం ఎవరో ఒకరిని పిలిచి మాట్లాడిస్తాం. ఆ పిలిచే పని మూడేళ్లుగా నాది. నడక అయ్యాక ఏడింటికి, వేపచెట్టు కింద నలభై కుర్చీలు, ఒక మైకు.

ఒకసారి రిటైరైన ఇంజినీరు గారొచ్చి 1986 ఆగస్టు వరద గురించి చెప్పారు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన రోజులవి. ఇంకో నెల సైబర్ మోసాల మీద. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలట, అందరం రాసుకున్నాం.

నాకు నిలిచిపోయింది మాత్రం పాములు పట్టే కుర్రాడి మాట. మైకు పట్టుకుంటే చెయ్యి వణికింది. కట్లపాము దగ్గరికొచ్చేసరికి గొంతు నిలబడింది. "రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తుందండి. నొప్పి పెద్దగా ఉండదు, వాపూ రాదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, నాటు మందని తిప్పొద్దు. కదలనివ్వకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి."

నా ఒళ్లు జలదరించింది. మా చిన్నాన్న పొలం పాకలో పడుకుని లేచి, "వదినా, కళ్లు తెరవలేకపోతున్నా" అన్నాడట అమ్మతో. నిద్రమత్తనుకున్నారు. మధ్యాహ్నానికి పోయాడు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు.

కాఫీ ఇస్తూ ఆ అబ్బాయిని అడిగాను, మా ఊరు వస్తావా నాయనా అని. వస్తానన్నాడు. కోతలు మొదలవకముందే పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టించాలి.